మామగారు కట్టించిన ఇల్లు: పడగొట్టాలా, బాగుచేయించాలా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. 1993లో మా మామగారు కట్టించిన ఇంట్లోనే ఉంటున్నాం. కింద హాలు, భోజనాల గది, వంటిల్లు, రెండు పడకగదులు. మేడ మీద ఒక గది, బాత్రూమ్. ఆ బాత్రూమ్ సరిగ్గా భోజనాల గది మీదకు వస్తుంది. అక్కడ స్లాబు రెండేళ్లుగా పెచ్చులూడుతోంది, ఒకచోట చువ్వ కూడా కనబడుతోంది. సంక్రాంతికి మా అబ్బాయి, కోడలు, మనవరాలు అమెరికా నుంచి వస్తున్నారు. ఇంకా ఐదు నెలల టైముంది కదా, ఈలోగా ఇంటిని కొత్తగా చేయిద్దామని ఒక ఇంటీరియర్ డిజైనర్‌ని పిలిచాం. ఆయన చూపించిన త్రీడీ బొమ్మలు చాలా బాగున్నాయి. హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీసేసి ఓపెన్ కిచెన్, ఇల్లంతా ఫాల్స్ సీలింగ్, మొజాయిక్ మీద విట్రిఫైడ్ టైల్స్, టేకు తలుపుల బదులు కొత్త తలుపులు, వార్డ్‌రోబ్‌లు, టీవీ యూనిట్ అన్నీ కలిపి 18 లక్షల 60 వేలు అవుతుందన్నారు. పని మొదలుపెట్టే ముందే సగం ఇవ్వాలట. ప్రస్తుతానికి 25 వేలు టోకెన్ ఇచ్చాం. మావారేమో పాత ఇంటి మీద ఇంత పెట్టడం దండగ, పడగొట్టి కొత్తది కట్టేద్దాం అంటున్నారు. ఆ మాట చెవిన పడిన దగ్గర్నుంచి మా అత్తగారు సరిగ్గా అన్నం తినడం లేదు. ఆవిడకు 78 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. మమ్మల్ని ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద విషయాన్ని ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్లిపోయారు. చువ్వ కనబడుతోందన్నారు. డిజైనర్ గారు మీకిచ్చిన జాబితాలో టీవీ యూనిట్ ఉంది గానీ ఆ చువ్వ ఊసే లేదు. ముందు దాని సంగతి తేలాలి. పడగొట్టడమా, ఉంచడమా అన్నది ఆ తర్వాతే తేలుతుంది.

ఇంటి బలం చూసి చెప్పాల్సింది స్ట్రక్చరల్ ఇంజినీరు. ఇంటీరియర్ డిజైనర్ పని వేరు. ఆర్కిటెక్ట్ అని పేరు పక్కన రాసుకోవాలంటే 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదై ఉండాలి. ఇంటీరియర్ డిజైనర్‌కు అలాంటి చట్టబద్ధమైన లైసెన్సేదీ లేదు. ఆ వృత్తిలో ఉన్న మనిషిగానే చెబుతున్నాను, దీనివల్ల మాలో ఎంతో పనిమంతులూ ఉన్నారు, నాలుగు ఫొటోలు పెట్టుకుని తిరిగేవాళ్లూ ఉన్నారు. పని తెలిసిన డిజైనర్ అయితే పెచ్చులూడిన స్లాబు చూడగానే "ముందు ఇంజినీర్‌ని పిలవండి, తర్వాత నేనొస్తాను" అని తానే అంటాడు.

అసలు అక్కడ ఏం జరుగుతోందో చెబుతాను. పై బాత్రూమ్ టైల్స్ సందుల్లోంచో, ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే చోటు) చుట్టూ వదులైన చోటునుంచో నీళ్లు కొద్దికొద్దిగా స్లాబులోకి దిగుతున్నాయి. లోపలి చువ్వకు తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి రెండింతలకు పైగా చోటు అడుగుతుంది. కాంక్రీటులో అంత చోటు ఉండదు కాబట్టి కింది పొరను బయటకు నెట్టేస్తుంది. అదే మీ భోజనాల బల్ల మీద రాలుతున్న పెచ్చు. ఇలాంటి చోట మేస్త్రీని పిలిచి సిమెంటు పూయించి, పైన పెయింటు కొట్టిస్తే మరుసటి వానాకాలానికి మళ్లీ ఊడుతుంది. ఈసారి ఇంకాస్త పెద్ద ముక్క.

ఇంజినీరు వచ్చినప్పుడు మీరూ పక్కనే నిలబడి చూడండి. సుత్తితో స్లాబంతా తట్టుకుంటూ వెళ్తారు. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, పొర వదిలినచోట డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగినంత మేరా సుద్దముక్కతో గీత గీయించండి. మీ కంటికి కనబడే మచ్చ కంటే ఆ గీత లోపలి చోటు చాలాసార్లు పెద్దదిగా ఉంటుంది. అంత మేరా వదులు కాంక్రీటు తీసేసి, చువ్వ వెనక్కి కూడా వేలు పోయేలా చెక్కి, వైరు బ్రష్షుతో తుప్పు రాల్చి, చువ్వ ఎంత మందం మిగిలిందో కొలవాలి. కాస్త మాత్రమే తగ్గితే తుప్పు నిరోధక పూత, ఆపైన పాలిమర్ మోర్టార్‌తో సరిపోతుంది. బాగా తినేసి ఉంటే పక్కన కొత్త చువ్వలు కట్టాలి. ఆ లెక్క ఇంజినీరు కాగితం మీద రాసివ్వాలి.

అయితే కింద ఎంత బాగుచేసినా పైన నీళ్లు ఆగకపోతే ఫలితం లేదు. పై బాత్రూమ్ టైల్స్ పూర్తిగా తీయించండి. పాత పైపులు, ట్రాపులు మార్చి, ట్రాప్ వైపు వాలు సరిచేసి, నేల మీదా గోడల మీద అడుగు ఎత్తు వరకూ, స్నానం చేసేచోట ఇంకా పైవరకూ వాటర్‌ప్రూఫింగ్ పూత వేయించాలి. తర్వాత ట్రాప్ మూసి, నీళ్లు నింపి రెండు రోజులు అలాగే ఉంచండి. కింద భోజనాల గదిలో కుర్చీ ఎక్కి స్లాబు తడిమి చూడండి. పొడిగా ఉంటేనే టైల్స్ వేయనివ్వాలి. చాలామంది మేస్త్రీలు ఈ రెండు రోజులు ఆగరు, "ఏం కాదమ్మా, నాదీ గ్యారంటీ" అంటారు. ఆ నోటి గ్యారంటీ మనకొద్దు.

ఇక మీవారి మాట. ఆయన అన్నదాన్ని నేను కొట్టిపారేయను. గోడల్లో ఏటవాలుగా పగుళ్లు పారినా, ఒక్క గదిలోనే కాక అన్ని గదుల్లో స్లాబు డొల్లగా మోగినా, పునాది దిగిన గుర్తులు కనబడినా పాత ఇంటి మీద డబ్బు పోయడం తెలివైన పని కాదు. ఇంజినీరు అలా చెబితే మీవారి మాటే వినండి. కానీ ఒక బాత్రూమ్ కింద ఒక గది స్లాబు పాడైందని ముప్పై ఏళ్ల ఇంటిని నేలమట్టం చేయనక్కర్లేదు. కొత్తగా కడితే మున్సిపల్ అనుమతి, ఇప్పటి నిబంధనల ప్రకారం చుట్టూ వదలాల్సిన స్థలం, అద్దె ఇల్లు, సామాను రెండుసార్లు మోయడం అన్నీ ఉంటాయి. మీ మనవరాలు సంక్రాంతికి దిగేది అద్దె ఇంట్లోకే. ఇక మీ అత్తగారికి కూడా విషయం స్పష్టంగా చెప్పండి. "ఇంజినీర్ చూసేదాకా ఎవరూ ఏదీ పడగొట్టరు" అని మీవారి నోటితోనే చెప్పించండి. ఆ వయసులో ఇల్లు పోతుందన్న బెంగ మామూలుది కాదు. నాలుగు గోడల మధ్య భర్తతో గడిపిన జీవితం అది.

ఇప్పుడు డిజైనర్ గారి ప్లానులోకి వద్దాం. హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీయడానికి నేను ఒప్పుకోను. 1993లో మన ఊళ్లలో కట్టిన ఇళ్లలో చాలావాటికి పిల్లర్లు ఉండవు, తొమ్మిదంగుళాల ఇటుక గోడలే స్లాబును మోస్తాయి. ఆ గోడ మీద మేడగది గోడ కూడా కూర్చుని ఉండొచ్చు. కింద బీము ఇవ్వకుండా దాన్ని తీస్తే ఇంటికే ప్రమాదం. ఒకవేళ నాలుగున్నర అంగుళాల అడ్డుగోడే అనుకోండి, అప్పుడైనా మీ ఇంటికి ఓపెన్ కిచెన్ అక్కర్లేదనే అంటాను. మన వంట పోపుల వంట. ఎండుమిర్చి ఘాటు, చేపల పులుసు వాసన సోఫా గుడ్డల్లోకీ కర్టెన్లలోకీ చేరితే ఏ చిమ్నీ పూర్తిగా లాగలేదు. గోడ అలాగే ఉంచి, ఇంజినీరు సరేనంటే, పైన లింటెల్ ఇచ్చి మూడు నాలుగడుగుల వెడల్పున ఒక కిటికీలాంటిది తెరవండి. గిన్నెలు అందించుకోవచ్చు, వంట చేస్తూ హాల్లోవాళ్లతో మాట్లాడొచ్చు, కావాలంటే మూసేయొచ్చు. ఎందుకో గానీ త్రీడీ బొమ్మల్లో పొయ్యి మీద ఎప్పుడూ ఏమీ ఉడకదు.

మొజాయిక్ తీయొద్దు, దాని మీద టైల్స్ కూడా వేయొద్దు. ఆనాటి మొజాయిక్‌ని మెషీన్‌తో మళ్లీ పాలిష్ పట్టిస్తే అద్దంలా వస్తుంది, ఖర్చూ తక్కువే. దాని మీద విట్రిఫైడ్ వేస్తే నేల మట్టం దాదాపు అంగుళం లేస్తుంది. ప్రతి తలుపూ కింద కోయాలి, గదికీ గదికీ మధ్య మట్టాలు తేడా వస్తాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ కాలు తట్టుకునేది సరిగ్గా అక్కడే. పైగా తడి పడితే నున్నటి టైలు జారుతుంది. టేకు తలుపుల సంగతి సరేసరి. ముప్పై ఏళ్లు ఎండకీ వానకీ ఆగి, వంకర పోకుండా నిలిచిన చెక్క అది. వాటి స్థానంలో ఫ్లష్ డోర్లు పెట్టడానికి డబ్బులివ్వడమంటే నాకు కడుపు తరుక్కుపోతోంది. చిత్రిక పట్టించి పాలిష్ చేయించండి, కీళ్లు, గడియలు మార్పించండి, చాలు. తక్కువ ఖర్చు ఇళ్లకు పేరుపడ్డ ఆర్కిటెక్ట్ లారీ బేకర్ తిరువనంతపురంలో తాను ఉండే ఇంటికే పాత ఇళ్ల తలుపులు, చెక్కలు ఏరి తెచ్చి వాడుకున్నారు. మీకు ఎక్కడినుంచో తేవాల్సిన అవసరం కూడా లేదు.

ఫాల్స్ సీలింగ్ ఇల్లంతా వద్దేవద్దు. భోజనాల గదిలో అసలు వద్దు, ఎందుకంటే రేపు మళ్లీ చెమ్మ దిగితే నెలల తరబడి మీకు తెలియదు. ముచ్చట ఉంటే హాల్లో ఒక వైపు చేయించుకోండి. రాజమండ్రి ఎండల్లో మీకు నిజంగా పనికొచ్చేది డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పూత. ఎండను వెనక్కి కొట్టే ఈ పద్ధతి కోసమే తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రత్యేకంగా ఒక విధానం తెచ్చింది. డాబా పగుళ్లు పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్ చేయించాకే ఆ పూత వేయించండి.

జాబితా అంతా ఒకటికి రెండుసార్లు చదివాను, మీ అత్తగారి బాత్రూమ్ అందులో లేదు. నేనైతే స్లాబు తర్వాత రెండో పని అదే పెడతాను. గడప తీసేసి నేల సమంగా చేయించండి, నీళ్లు బయటకు రాకుండా లోపలికి వాలు ఇస్తే సరిపోతుంది. తలుపు మూడడుగుల వెడల్పు ఉండాలి, బయటకు తెరుచుకోవాలి. లోపల పడిపోతే లోపలికి తెరిచే తలుపును మనిషే అడ్డుకుంటుంది, బయటివాళ్లు తీయలేరు. జారని మ్యాట్ టైల్స్ వేయించండి. కమోడ్ సీటు నేల నుంచి పదిహేడు నుంచి పంతొమ్మిది అంగుళాల ఎత్తులో ఉంటే మోకాళ్లకు శ్రమ తగ్గుతుంది. పక్క గోడకూ, స్నానం చేసే చోటా పట్టుకునే స్టీలు కడ్డీలు ఉండాలి. వాటిని టైల్‌కి కాదు, ఇటుకలోకి పొడవాటి యాంకర్లతో బిగించాలి. బిగించాక మీవారిని పట్టుకుని బలంగా లాగమనండి. కదిలితే మళ్లీ చేయించండి. మంచం దగ్గర్నుంచి బాత్రూమ్ వరకూ నేల దగ్గర ఒక చిన్న రాత్రి లైటు, కూర్చుని స్నానం చేయడానికి బరువైన స్టూలు. వీటన్నిటికీ అయ్యేది టీవీ యూనిట్ ఖర్చులో కొంతే.

వైరింగ్ కూడా చూపించుకోవాలి. 1993లో ఫ్యాన్లకీ ట్యూబులైట్లకీ వేసిన వైర్ల మీద ఇప్పుడు ఏసీలు, గీజర్లు నడుస్తున్నాయి. లైట్లకు 1.5, మామూలు పవర్ ప్లగ్గులకు 2.5, ఏసీకీ గీజర్‌కీ విడివిడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ప్రతి లైనుకీ ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్), మొత్తానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఈ చివరిది షాక్ కొట్టినప్పుడు ప్రాణం కాపాడే వస్తువు, దీని దగ్గర మాత్రం బేరం ఆడొద్దు. ఎర్తింగ్ కొత్తగా వేయించండి. లోడు పెరుగుతుంది కాబట్టి మీ కరెంటు పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్‌లో మంజూరైన లోడు పెంచమని దరఖాస్తు పెట్టుకోండి.

ఇప్పుడు కొటేషన్. మీరు ఉత్తరంతో పాటు పంపిన కాగితంలో ఒక వరుస ఇలా ఉంది: "మాడ్యులర్ కిచెన్, ప్రీమియం ప్లై, సాఫ్ట్ క్లోజ్, 1 సెట్ – 3,85,000". ఈ ఒక్క వరుసలో ఎన్ని ఖాళీలున్నాయో చూడండి. ప్రీమియం అనే గ్రేడు ప్లైవుడ్‌లో లేదు. మార్కెట్లో కమర్షియల్ అని అమ్మేది ఎంఆర్ గ్రేడు, అది కాస్త చెమ్మను తట్టుకుంటుంది గానీ నీళ్లను కాదు. వంటింటికి కనీసం బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే గ్రేడు) ఉండాలి. సింక్ కింద ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లై పెట్టించండి. మందం ఎంత, వెనక పలక ఎంత, లోపల లామినేట్ వేస్తారా లేక రంగు పూసి వదిలేస్తారా, కీళ్లూ చానళ్లూ ఏ కంపెనీవి, గ్రానైటు ఇందులో ఉందా, సింకూ కుళాయీ ఎవరు కొనాలి, చిమ్నీ గొట్టం బయటకు ఎవరు తీస్తారు – వీటిలో ఏదీ రాసి లేదు. రాయనిదల్లా తర్వాత "అది ఎక్స్‌ట్రా మేడమ్" అవుతుంది.

వార్డ్‌రోబ్‌లకు చదరపు అడుగు 1,500 అని రాశారు. ఏడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తంటే 49 చదరపు అడుగులు, 73,500. పైన రెండడుగుల లాఫ్ట్‌ని కూడా అదే రేటులో కలిపితే 63 అడుగులు, 94,500. ఒకే అల్మరా, 21 వేలు తేడా. కొలత ముందువైపు వెడల్పు, ఎత్తులకేనా, లాఫ్ట్‌కి విడి రేటా అన్నది ముందే రాయించుకోండి. కాగితం కింద చిన్న అక్షరాల్లో "పన్నులు అదనం" అని కూడా ఉంది. మొత్తానికి 18 శాతం జీఎస్టీ వేస్తే దాదాపు 3 లక్షల 35 వేలు. మీ బడ్జెట్లో ఇది ఉందా?

సరుకు దిగిన రోజు మీరో మీవారో ఇంట్లో ఉండండి. ప్రతి షీటు మీదా ఐఎస్ఐ గుర్తు, గ్రేడు అచ్చు వేసి ఉంటాయి. కోయకముందే ఫొటోలు తీసుకోండి, కోశాక ఆ గుర్తు ఏ ముక్క మీద ఉందో ఎవరికీ దొరకదు.

వంటింటి కొలతలు కేటలాగు చూసి తీసుకోవద్దు. గట్టు ఎత్తు మీ మోచేతికి నాలుగైదు అంగుళాల కింద ఉండాలి. మీరు నిలబడి చేయి మడిచి కొలిపించండి. మీ అత్తగారు కూర్చుని కూరగాయలు తరుగుతారంటే గట్టు కింద ఒకచోట అల్మరా పెట్టకుండా ఖాళీ వదలండి. వెట్ గ్రైండర్ రోజూ ఎత్తి దించేది కాదు, దానికి ప్లగ్గుతో సహా శాశ్వతంగా ఒక చోటు కావాలి. పాతిక కిలోల బియ్యం బస్తా, ఆవకాయ జాడీలు ఏ పుల్లవుట్ బుట్టలోనూ పట్టవు. వాటికి కింద గట్టి అర వేయించండి. సిలిండర్ పెరట్లో ఉంటే మంచిది.

డిజైనర్ పనితనం తెలియాలంటే కొత్తగా ముగించిన ఇల్లు చూపిస్తానంటే వద్దనండి. మూడేళ్ల కిందట చేసిన ఇల్లు అడగండి. అక్కడికి వెళ్లి సింక్ కింది తలుపు తెరవండి. చెక్క ఉబ్బిందా, అంచు పట్టీ లేచిందా, ముక్కవాసన వస్తోందా చూడండి. ఆ ఇంటావిడతో విడిగా మాట్లాడండి, ఫోన్ చేస్తే వచ్చి సరిచేశారా అని.

సగం డబ్బు ముందే, అంటే 9 లక్షల 30 వేలు, ఇవ్వకండి. సంతకం రోజు పది శాతం, సరుకు ఇంటికి దిగాక కొంత, పెట్టెలు బిగించాక కొంత, తలుపులూ కీళ్లూ అన్నీ సరిచూశాక కొంత. చివరి పది శాతం పని అయిన నెల తర్వాత. నిజాయతీగా పనిచేసేవాళ్లకు ఇందులో ఇబ్బంది ఏమీ ఉండదు. బొమ్మలతో పాటు కొలతలు వేసిన డ్రాయింగులు, స్విచ్చుల ప్లాను కూడా సంతకం చేసి ఇవ్వాలి.

ఉన్న ఐదు నెలల్లో అన్నీ అవ్వవు, అవ్వాలని టెన్షన్ పడకండి. పై బాత్రూమ్, స్లాబు, అత్తగారి బాత్రూమ్, వైరింగ్, వంటిల్లు, తలుపుల పాలిష్ సంక్రాంతిలోపు ముగించండి. వానల్లో కొత్త ప్లాస్టరింగ్ త్వరగా ఆరదు, ఆరని గోడకు అల్మరా బిగిస్తే వెనక నుంచి బూజు పడుతుంది. కాబట్టి వార్డ్‌రోబ్‌లు, టీవీ యూనిట్ వాళ్లు తిరిగి వెళ్లాక చూసుకోవచ్చు. గోడలు చెక్కే రోజుల్లో అత్తగారిని ఆ దుమ్ములో ఉంచకండి, దగ్గరి బంధువుల ఇంట్లో కొన్నాళ్లు ఉండేలా చూడండి. కానీ ఆవిడ బాత్రూమ్‌లో కడ్డీ ఎంత ఎత్తులో బిగించాలో మాత్రం ఆవిడనే నిలబెట్టి గుర్తు పెట్టించండి.

టోకెన్ విషయానికొస్తే, డిజైనర్ గారిని పిలిచి నెమ్మదిగా చెప్పండి. మార్చిన జాబితాకు, పైన చెప్పిన పద్ధతిలో వస్తువారీగా కొత్త కొటేషన్ ఇస్తే ఆ 25 వేలు అందులో సర్దుకుందాం అనండి. ఆయన ఒప్పుకుంటే పని తెలిసిన మనిషేనని నమ్మొచ్చు. ఒప్పుకోకపోతే కొలతలకూ బొమ్మలకూ తన ఫీజు ఎంతో చెప్పి మిగతాది తిరిగి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. వాట్సాప్ అయినా పర్వాలేదు, రసీదు జాగ్రత్త చేసుకోండి. అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంజినీరు రిపోర్టు వచ్చాక నాకు ఒక కాపీ పంపండి, ఏ గది ముందు మొదలుపెట్టాలో దాన్ని చూసి చెబుతాను.